వ్రేలి కణుపుపై పుండు

పుండు పడినదనగానే మన యిండ్లలో మలాము డబ్బీ వెదకుదురు. చిన్న గాయమునకు అది చాలవచ్చును. కాని లోపలి వ్యాధి చర్మముపై పుండుగా బయటపడినప్పుడు పైపూతలతో కాలము గడపుట ప్రాణాపాయమునకు దారితీయును. అట్టి వ్యాధులలో డెర్మటోమయోసైటిస్ ఒకటి.

ఇది చర్మమునకును కండరములకును వాపు కలిగించు అరుదైన వ్యాధి. 1891లో జర్మను వైద్యుడు హైన్రిఖ్ ఉన్‌ఫెరిఖ్ట్ దీనికి ఈ పేరు పెట్టెను. ఇది అంటువ్యాధి కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి సొంత శరీరముపై తిరుగబడుటచే ఇది కలుగును. కనురెప్పలపై ఊదావన్నె, వ్రేళ్ల కణుపులపై ఎఱ్ఱని బొడిపెలు దీని గుర్తులు. చామనచాయ మేనిపై ఆ ఎఱుపు నల్లగనో, ఊదాగనో కనబడి మనలను ఏమరించును. తుంటి, భుజముల కండరములు సడలుటచే రోగి పీటమీదినుండి లేవలేడు. చేయెత్తి తల దువ్వుకొనలేడు.

ఇక పుండు ఎట్లు ఏర్పడును? కాలువ పూడినచో ముందుగా ఎండునది చివరి మడియే గదా! చర్మమునకు రక్తమందించు సన్నని నాళములు ఈ వ్యాధిలో దెబ్బతిని పూడుకొనును. రక్తమందని చోట చర్మము చచ్చి పుండగును. వ్రేళ్ల కణుపులు, గోళ్ల మొదళ్లు, మోచేతులు దీనికి ముఖ్యస్థానములు. పిల్లలలో చర్మము క్రింద సున్నపు గడ్డలు పేరుకొని, పైకి చీల్చుకొని వచ్చుటయు కలదు.

ఈ పుండ్లు మఱొక ప్రమాదమును సూచింపవచ్చును. 2005లో జపాను పరిశోధకులు కొందరు రోగుల రక్తములో ఒక ప్రత్యేక ప్రతిరక్షకమును కనుగొనిరి. దానిని నేడు ఎండీఏ–5 ప్రతిరక్షకమందురు. అది కలవారిలో లోతైన పుండ్లును, అరచేతులలో నొప్పిగల బొడిపెలును తరచుగా నుండునని 2011లో అమెరికా వైద్యులు వెల్లడించిరి. వీరిలో కొందరికి ఊపిరితిత్తులు కొలది వారములలోనే చెడిపోవును. చిత్రమేమనగా, వీరికి కండరముల నీరసము స్వల్పముగ నుండవచ్చును, బొత్తిగా లేకపోవచ్చును. కావున మనిషి బలముగానే యున్నాడు గదా యని ధైర్యపడరాదు. పొడిదగ్గుగాని, మెట్లెక్కునప్పుడు ఆయాసముగాని కలిగినచో నాడే వైద్యునికి చూపవలెను. పెద్దవారిలో ఈ వ్యాధి వెనుక కేన్సరు దాగియుండవచ్చును. ఆ పరీక్షలును అవసరము.

చికిత్స లేకపోలేదు. స్టీరాయిడ్లును, రక్షణశక్తి దుడుకును అణచు మందులును వాడుదురు. దాతల రక్తమునుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ పెద్దలలో మేలు చేయుచున్నదని 2022లో ప్రకటితమైన పరిశోధన చూపినది. లోపలి వ్యాధి లొంగినగాని పుండు మానదు. మానుటకు నెలలు పట్టును.

ఇంటివారు చేయవలసినదియు కలదు. పుండును శుభ్రముగ కడిగి, అంటుకొనని కట్టు కట్టవలెను. పసరులు, సున్నము, బూడిద పెట్టరాదు. చీము, జ్వరము కనబడిన ఆలసింపరాదు. ఈ మందులు వాడువారికి సూక్ష్మజీవులను ఎదుర్కొను శక్తి తగ్గియుండును. ఎండనుండి చర్మమును కాపాడవలెను, పొగత్రాగుట మానవలెను. కొంత గుణము కనబడినదని స్టీరాయిడ్లను తమంతట తాము హఠాత్తుగా ఆపుట మిక్కిలి ప్రమాదకరము.

కణుపుమీది పుండు వారములు గడచినను మానకున్నచో, కనురెప్పల వన్నెను చూడుడు. దగ్గు, ఆయాసములను అడుగుడు. ఆ మూడింటిని కలిపి వైద్యునికి చెప్పుడు. సకాలమున చెప్పిన ఆ మాట ఒక ప్రాణమును నిలుపవచ్చును.