బంప్ స్టాప్‌కి ముందు స్ప్రింగ్ తీయండి!

తిరుపతి నుంచి మళ్లీ వచ్చేసినా. మన గూర్ఖా ముందు యాక్సిల్‌కి హైడ్రాలిక్ బంప్ స్టాప్‌లు వేసినాం కదా, అందులో నేనొక తప్పు చేసినా. చిత్తూరు దగ్గర మామిడితోపు గట్టు దూకించగానే షాక్ అబ్జార్బర్ మౌంట్ విరిగిపోయింది.

కారణం? స్ప్రింగ్ ఉండగానే కొలత తీసినా. జాకీ పెడితే స్ప్రింగ్ పూర్తిగా అణగదు, బండే పైకి లేస్తుంది.

ఈసారి బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, రెండు స్ప్రింగులూ తీసి, యాక్సిల్‌ని జాకీతో లేపినా. షాక్ మొత్తం మూసుకోకముందే బంప్ స్టాప్ పూర్తిగా అణిగి ఆపాల. అప్పుడే దాని సిలిండర్‌ని ఛాసిస్‌కి వెల్డ్ చేయించినా.

లోపల ఆయిల్, నైట్రోజన్ ఉంటాయి. ఆయిల్ సన్నని దారుల్లో దూరుతూ దెబ్బని మింగుతుంది, రబ్బరులా తిరిగి తన్నదు. రెండు పక్కలా ఒకే ప్రెషర్ పెట్టండి. మామూలు గాలి వద్దు, తేమ చేరుతుంది.

చివరగా స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, టైరు ఎక్కడా తగలట్లేదని చూసుకోండి. నా తప్పు మీరు చేయద్దు. ఉంటా మరి!