చెరసాలలో వ్రాసిన సాక్ష్యము

కొంతకాలం క్రిందట యువజన కార్యక్రమంలో ప్రసంగించటానికి ఒక కళాశాల విద్యార్థి మా కార్యాలయానికి వచ్చినాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవాడు. ‘నా జీవితంలో ఒక అనుభవం’ అన్నది మేము అతనికి ఇచ్చిన విషయం. ప్రసంగపాఠాన్ని ముందుగా చూడటం మా ఉద్యోగధర్మం గనుక చదివినాను. ఆ సంవత్సరం అతని తల్లికి పెద్ద శస్త్రచికిత్స జరిగినది. ఆ రాత్రంతా ఆసుపత్రి వసారాలో తానొక్కడే ఉన్నాడు. భారమంతా దేవునిమీద వేసి, తెల్లవారేవరకు సంపూర్ణమైన శాంతితో గడిపినానని వ్రాసినాడు. భాష నిర్దుష్టంగా ఉన్నది. వాక్యాలు చక్కగా నడిచినవి. అయినా చదివినంతసేపూ ఆ వసారా నా కంటికి కనిపించలేదు.

మాటవరసకు అడిగినాను: “ఆ రాత్రి ఏం చేశావు బాబూ?”

“ఏమీ చేయలేదండీ. వసారా ఆ చివరి నుంచి ఈ చివరకు తిరిగాను. తలుపు దగ్గరకు వెళ్లాలంటే భయం వేసింది. పరలోక ప్రార్థన మొదలుపెట్టి సగంలో మరిచిపోయాను.”

“మరి ఇదంతా ఎందుకు వ్రాయలేదు?”

“అది చెబితే విశ్వాసం లేనివాడంటారు గదండీ. సాక్ష్యం అలా చెప్పకూడదు.”

ఆ మాట నా మనస్సులో నిలిచిపోయినది. మన క్రైస్తవ సోదరుల పలుకుబడిలో ‘సాక్ష్యం చెప్పటం’ అంటే, దేవుడు తన జీవితంలో చేసిన మేలును పదిమంది ముందు విప్పి చెప్పటం. మాట న్యాయస్థానంలోనిది. న్యాయస్థానంలో సాక్షి చేయవలసిన పని ఒక్కటే. తాను చూచినది చూచినట్టు చెప్పటం. ఇట్లా ఉంటే బాగుండునని తాను కోరుకొన్నది చెప్పినవాడు సాక్షి కాడు. మతం కోసం ప్రాణమిచ్చినవారిని క్రైస్తవ వాఙ్మయం తెలుగులో ‘హతసాక్షి’ అంటున్నది. ఎవరు కల్పించినారో గాని, చక్కని మాట. గ్రీకు భాషలో ఆ అర్థంలో వాడుకలోకి వచ్చిన పదానికి కూడ మొదటి అర్థం సాక్షి అనే. అటువంటి ఒక హతసాక్షి, తన భయాన్ని తానే వ్రాసిపెట్టి పోయిన ఒక యువతి, ఆ కుర్రవాని మాట వినగానే నాకు జ్ఞాపకం వచ్చినది.

ఆమె పేరు పెర్పెతువా. ఊరు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి. నేటి ట్యునీసియా రాజధాని ట్యూనిస్ నగరానికి సమీపాన ఆ ప్రాచీన పట్టణపు శిథిలాలున్నవి. కాలం క్రీస్తుశకం 203. రోమను సామ్రాజ్యాన్ని సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఏలుతున్న రోజులు. పెర్పెతువాకు అప్పటికి సుమారు 22 సంవత్సరాలు. గొప్పింటి ఆడపడుచు, చదువుకొన్నది, వివాహిత, చంటిబిడ్డ తల్లి. క్రైస్తవ మతంలో చేరటానికి ఉపదేశం పొందుతున్న దశలోనే ఆమెను మరికొందరు యువజనులతో కలిపి బంధించినారు. వారిలో ఫెలిసితాస్ అనే నిండు గర్భిణి ఒకతె; ఆమె దాసి. వారికి ఉపదేశకుడైన సాతురుస్ తరువాత తనంతట తానే వచ్చి లొంగిపోయినాడు.

వీరి చరిత్రను పేరు తెలియని ఒక సంపాదకుడు లాటిన్ భాషలో కూర్చినాడు. ఇరవైయొక్క చిన్న అధ్యాయాల గ్రంథం. అందులో మూడవ అధ్యాయం మొదలు పదవ అధ్యాయం వరకు పెర్పెతువా చెరసాలలో స్వహస్తంతో వ్రాసుకొన్నదేనని, దానిని ఉన్నది ఉన్నట్టు ఉంచినానని అతడు చెప్పినాడు. దీనిని శంకించిన పండితులు లేకపోలేదు, అత్యధికులు అంగీకరించినారు. క్రైస్తవ స్త్రీ ఒకతె తన కథ తాను చెప్పుకొన్న రచనలలో మనకు దక్కినవాటిలో ఇంతకంటె ప్రాచీనమైనది లేదని చెప్పవచ్చును. లాటిన్ ప్రతి పదిహేడవ శతాబ్దంలో ఇటలీలోని మోంటె కసీనో మఠంలో బయటపడినది. గ్రీకు ప్రతి 1889లో జెరూసలేములో దొరికినది.

ఇక ఆ ఎనిమిది అధ్యాయాలలో ఏమున్నది? మొట్టమొదట తండ్రి ఉన్నాడు. కూతురి మీద ప్రాణం పెట్టుకొన్న వృద్ధుడు, క్రైస్తవుడు కాడు. మతం వదలుకొమ్మని బ్రతిమాలినాడు. ఎదుట ఉన్న ఒక పాత్రను చూపి, దానికి ఉన్న పేరు కాక మరొక పేరు పెట్టి పిలవగలమా అని ఆమె అడిగినది. తాను కూడ తానైనది కాక మరొకటి అనిపించుకోలేనన్నది. తండ్రి కోపంతో ఆమె మీదికి పోయినాడు. తరువాత కొన్నాళ్లు ఆయన రాలేదు. ఆయన రాకపోవటం తనకు హాయిగా ఉన్నదని కూడ ఆమె వ్రాసినది! పుణ్యాత్ముల చరిత్ర వ్రాసేవాడెవడూ ఇటువంటి మాట వ్రాయడు. తండ్రి రాకపోతే హాయిగా ఉన్నదనటం ఏ కూతురికి మర్యాద? అయినా ఆ హాయి నిజం గనుక వ్రాసినది.

ఆ తరువాత నేలమాళిగవంటి చీకటి చెరసాల. అక్కడ తనకు భయం వేసినదని దాపరికం లేకుండా చెప్పినది. ఎందుకు వేసినదో కూడ చెప్పినది. అటువంటి చీకటి ఆమె అంతకు మునుపు ఎరుగదు. గుంపుగా కుక్కినందువలన ఊపిరి ఆడని ఉక్క. లంచాలకోసం సైనికుల దౌర్జన్యం. అన్నిటికి మించి, పాలులేక సొమ్మసిల్లుతున్న బిడ్డమీద బెంగ. సంఘపు పరిచారకులు ఇద్దరు కావలివారికి డబ్బిచ్చి, ఖైదీలను రోజుకు కొన్ని గంటలు కాస్త మంచి చోటికి మార్పించినారు. అక్కడ బిడ్డకు పాలిచ్చినది. తరువాత బిడ్డను తన దగ్గరే ఉంచుకోవటానికి అనుమతి దొరికినది. ఆ నాటినుంచి చెరసాలే తనకు రాజభవనమైనదని ఆమె భావం.

ఈ ఘట్టాన్ని నేను చాలాసార్లు చదివినాను. ‘నేను భయభ్రాంతురాలనై’ వంటి బరువైన విశేషణాలు ఇందులో కనిపించవు. చీకటి, ఉక్క, సైనికుడు, ఆకలిగొన్న బిడ్డ, ఇంతే. భయానికి కారణాలు ఒక్కొక్కటే చెప్పుకొంటూ పోయినది. అందువల్లనే తరువాత వచ్చే సంతోషాన్ని మనం నమ్ముతున్నాము. బిడ్డ ఒడిలోకి వచ్చినందుకు కలిగిన సంతోషం గదా అది! మొదటినుంచీ శాంతంగానే ఉన్నానని ఆమె వ్రాసి ఉంటే, చెరసాల రాజభవనమైనదన్న మాట వట్టి అలంకారం అయ్యేది.

విచారణనాడు తండ్రి ఆ బిడ్డను ఎత్తుకొని వచ్చినాడు. అప్పటికి రాష్ట్రపాలకుడు మరణించగా, అతని స్థానంలో హిలారియానుస్ అనే అధికారి తీర్పు చెబుతున్నాడు. చక్రవర్తుల క్షేమంకోసం బలి అర్పించుమని అతడు చెప్పినాడు. తండ్రి నెరసిన తలను, పసివాని ముఖాన్ని తలచుకొమ్మని కూడ చెప్పినాడు. ఆమె ఒప్పుకొనలేదు. తండ్రి ఇంకా వేడుకొంటూ ఉండగా అతనిని కిందకు తోయించి బెత్తంతో కొట్టించినాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టయినదని, ఆయన వార్ధక్యానికి దుఃఖించినానని పెర్పెతువా వ్రాసినది. క్రూరమృగాల పాలుచేయవలెనని తనకు పడిన శిక్షకంటె తండ్రికి తగిలిన దెబ్బ ఆమె వ్రాతలో ఎక్కువ నొప్పిగా వినిపిస్తున్నది. ఆమె నిశ్చయం ఎంత కఠినమో ఆ నొప్పిని బట్టి మనకు తెలుస్తున్నది. ఆ తండ్రి పక్షాన ఆలోచించేవారికి ఆమె నిశ్చయం క్రూరంగా తోచవచ్చును. తోచకుండా ఉండటానికి ఆమె ఏ ప్రయత్నమూ చేయలేదు.

కలలు కూడ వ్రాసిపెట్టినది. ఆకాశాన్ని అంటే కంచు నిచ్చెన. దాని రెండు ప్రక్కలా కత్తులు, ఈటెలు, కొక్కేలు. అడుగున పెద్ద సర్పం. ముందు సాతురుస్ ఎక్కినాడు. ఆమె సర్పం తలనే మొదటి మెట్టుగా చేసికొని ఎక్కినది. పైన ఒక విశాలమైన తోట, అందులో గొర్రెలను పిదుకుతున్న నెరసిన తల గొల్లవాడు. అతడు ఇచ్చిన పాల ముద్ద నోట పెట్టుకొన్నది. మెలకువ వచ్చేసరికి నోటిలో ఇంకా ఏదో తియ్యగా ఉన్నదట. నిచ్చెన ప్రక్కలనున్న ఆ ఇనుప కొక్కేలు పగలు ఆమె పెదవి దాటని భయాలే అని నా అభిప్రాయం.

మరొక కల కాన్సరు వ్రణంతో ఏడేండ్ల ప్రాయంలో చనిపోయిన తమ్ముడు దినోక్రాతిస్‌ను గురించి. వాడు దాహంతో ఒక తొట్టి దగ్గర నిలిచి ఉన్నాడు. అంచు ఎత్తు కావటంవల్ల వానికి నీరు అందటం లేదు. ఆమె రాత్రింబగళ్లు వానికోసం ప్రార్థించినది. మరల వచ్చిన కలలో అంచు క్రిందికి దిగినది. వాడు కడుపునిండా త్రాగి, పిల్లలవలె ఆడుకొనటానికి పోయినాడు. మృగాల పాలు కాబోతున్న మనిషి ఎన్నడో పోయిన తమ్ముని దాహాన్ని గురించి బెంగపెట్టుకొన్నది.

ఒక్క విషయంలో ఆమె పూర్తిగా మౌనం వహించినది. భర్తను గురించి ఒక్క మాట లేదు. అతడు ఏమైనాడో మనకు తెలియదు. స్వానుభవం చెప్పటమంటే అంతా చెప్పివేయటం కాదని కూడ ఆమె వ్రాతవల్ల గ్రహిస్తున్నాను. చెప్పదలచనిది విడిచిపెట్టినది; విడిచిన చోట మరొకటి కల్పించి అతకలేదు. ఈ రోజులలో భయాన్ని, కన్నీటిని ఎత్తి చూపించుకొనటం కూడ ఒక విధమైన ఆడంబరంగా మారినది. మా విద్యార్థి చూపిన శాంతి ఎటువంటిదో, ఆ కన్నీరూ అటువంటిదే.

వేడుకకు ముందునాటితో ఆమె కలం ఆగిపోయినది. రేపు అక్కడ జరగబోయేది వ్రాయదలచినవారు వ్రాసుకోవచ్చునని ముగించినది. ఆ మిగిలినది సంపాదకుడు వ్రాసినాడు. చక్రవర్తి కుమారుడు గేతా జన్మదినోత్సవం సందర్భాన, మార్చి 7వ తేదీన, వారిని క్రీడారంగంలోకి తెచ్చినారు. అతని వర్ణనలో పెర్పెతువా మెరిసే ముఖంతో నడిచి వచ్చినది. అడవి ఆవు పొడిచి పడవేయగా లేచి, చిరిగిన వస్త్రం సరిచేసికొని, జుట్టు ముడుచుకొన్నది. పడిపోయిన ఫెలిసితాస్‌కు చేయి అందించినది. చివరకు అనుభవంలేని మల్లుని చేయి వణికితే, ఆ కత్తిని తానే తన గొంతుకు ఆనించుకొన్నదట. గొప్ప చిత్రమే. కాని అందులో వణికినది మల్లుడు, ఆమె కాదు. ఇతరులు వ్రాసేసరికి ఆమె భయం మాయమైనది. ఆ లోపల ఏమున్నదో చెప్పగలిగినవారు అప్పటికి లేరు.

ఫెలిసితాస్ స్వయంగా వ్రాసినది ఏదీ మనకు దక్కలేదు. చెరసాలలో ఆడపిల్లను కన్నది. ప్రసవవేదనతో అరుస్తూ ఉంటే, ఇప్పుడే ఇట్లా ఏడిస్తే మృగాల ముందు ఏమి చేస్తావని కావలివాడు ఎగతాళి చేసినాడు. ఈ బాధ తనదేనని, నాడు తనలో ఉండి తనకోసం బాధపడేవాడు మరొకడుంటాడని ఆమె జవాబు. నొప్పి లేదని ఆమె అనలేదు.

ఇటువంటిది మనకు బొత్తిగా కొత్తది కాదు. గోలకొండ చెరలో కంచెర్ల గోపన్న చేయించిన నగలకు లెక్కచెప్పి రాముని నిలదీసినాడని, దెబ్బలకు తాళలేక తూలనాడినానని మరల మన్నింపు వేడినాడని ఆయన పేర ప్రసిద్ధమైన కీర్తనలు చెబుతున్నవి. ఆయనకు భక్తి లేదని అన్న తెలుగువాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. క్రైస్తవులకైతే గెత్సేమనే తోట ఉండనే ఉన్నది. ఆ రాత్రి తమ ప్రభువు తనకు రాబోయే పాత్ర తొలగిపోగూడదా అని వేడుకొన్నాడని సువార్తలు వ్రాసినవారు దాచలేదు.

ఈ సంగతులన్నీ ఆ విద్యార్థికి టీ త్రాగుతూ చెప్పినాను. శ్రద్ధగా విన్నాడు, ఒప్పుకొన్నట్టు మాత్రం కనిపించలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. ధ్వనిముద్రణ రోజున కొత్త ప్రతి తెచ్చినాడు. ‘శాంతి’ అన్న మాట తీసివేయలేదు. ఆ మాట ఇప్పుడు చివర, తెల్లవారుజామున నర్సు తలుపు తెరచి పిలిచిన చోట ఉన్నది. దానికి ముందు వసారా ఉన్నది, నడక ఉన్నది, మరచిపోయిన ప్రార్థన ఉన్నది. ఆ ప్రార్థన దగ్గర అతని గొంతు కొద్దిగా ఆగినది. మళ్లీ చదివిద్దామా అన్నట్టు అద్దం వెనుకనుంచి ఇంజనీరు నావైపు చూచినాడు. వద్దన్నాను. ప్రసంగం నిర్ణీత సమయానికి కొన్ని క్షణాలు మించినది. వేరొక చోట రెండు వాక్యాలు తగ్గించి సరిపెట్టినాము.

ప్రసారమైన వారానికి అతడు మళ్లీ కనిపించినాడు. వాళ్ల అమ్మగారు రేడియో దగ్గర కూర్చుని విన్నారట. ఆ రాత్రి కొడుకు అట్లా గడిపినాడని ఆమెకు తెలియటం అదే మొదటిసారి.