రోగుల కాగితాలు – మన పని
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారాల్లో క్లినిక్కుకు వెళ్ళి మీరు చేసేదేమిటని చాలామంది అడుగుతున్నారు. సూదులు వేయడం మాకు రాదు, మందులిచ్చే అర్హత లేదు. మేము చేసేది కాగితాలు సర్దడం. వినడానికి చిన్న పనే. కాని ఒక మనిషికి పెన్సిలిన్ పడదని పాత చీటీలో రాసి ఉండి, ఆ చీటీ దొరక్క కొత్తది రాస్తే, డాక్టరుగారి ముందుకు వచ్చే కాగితంలో ఆ ముక్క ఉండదు. ఆపైన ఏం జరగవచ్చో చెప్పనక్కరలేదు. క్షయకు మందు మామూలుగా ఆరు నెలలు ఆపకుండా వాడాలి. మూడో నెలలో రావడం మానేసిందెవరో చెప్పేది కాగితమే గాని, ఎవరి జ్ఞాపకమూ కాదు.

మొదట పేర్ల సంగతి. అక్కడ ఫైళ్ళు అకారాది క్రమంలో ఉండేవి, ఇంటిపేరు ముందు పెట్టి. మనవాళ్ళకు ఆ చోట వచ్చేవి షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్. ఇంకేముంది, సగం బీరువా ‘షేక్’ దగ్గరే ఆగిపోతుంది! “షేక్ మస్తాన్” అని పిలిస్తే వరండాలో నలుగురు లేస్తారు. మహమ్మద్ అన్న ఒక్క పేరే మొహమ్మద్ అని, ముహమ్మద్ అని, పొట్టిగా ఎం.డి. అని రకరకాలుగా రాసి ఉంది. ఆ ఎం.డి. చూసి కొత్త గుమాస్తా ఒకాయన్ని డాక్టరనుకుని కుర్చీ వేశాడు. నవ్వుకున్నాం గాని, అదే పెద్దమనిషి పేర మూడు ఫైళ్ళు బయటపడ్డాయి. షుగరు పరీక్షల ఫలితాలు మూడింట్లోనూ తలా కొన్ని.

అందుచేత పేరు వదిలి నంబరు పట్టుకున్నాం. ఒక మనిషికి ఒకే నంబరు, ఒకే ఫైలు. ఇది మేము కనిపెట్టింది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు 1907లో పెట్టిన పద్ధతి. అంతకుముందు అక్కడా ఏ డాక్టరుకు ఆ డాక్టరు తన పుస్తకంలో రాసుకునేవాడు. ఇంకా వెనక్కి పోతే, హకీం అర్‌రాజీ తన రోగుల సంగతులు శ్రద్ధగా రాసిపెట్టుకునేవారు. పదో శతాబ్దంలో ఆయన పోయాక, ఆ రాతలనుంచే శిష్యులు ‘అల్ హావీ’ అనే పెద్ద వైద్యగ్రంథం కూర్చారు.

నంబర్లనూ వరుసగా పెట్టలేదు. చివరి రెండంకెలు చూస్తాం. 4271 అయితే 71వ గడి, 5871 కూడా అక్కడికే. 00 నుంచి 99 దాకా నూరు గళ్ళు. వరుసగా పెడితే కొత్తవన్నీ చివరి అరలోనే కిక్కిరుస్తాయి, ఇలాగైతే అన్ని గళ్ళూ ఇంచుమించు సమంగా నిండుతాయి. పదిమందిమి తలా పది గళ్ళు పంచుకున్నాం. ఫైలు తీస్తే దాని చోట అట్టముక్క పెట్టి, తేదీ, తీసినవారి పేరు రాస్తాం. నంబరు మరిచి వచ్చేవారి కోసం పేర్ల రిజిస్టరు వేరే ఉంది. అందులో తండ్రి లేక భర్త పేరు, వీధి, పుట్టిన సంవత్సరం.

ఈ పుట్టిన సంవత్సరమే పెద్ద చిక్కు. “అరవయ్యో డెబ్భయ్యో, నువ్వే రాసుకో బేటా” అంటారు ముసలమ్మలు. మందు మోతాదుకు వయసు కావాలి గదా! “1977 దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్ళయిందా ఖాలా?” అంటే, “అప్పటికి పెద్దాడు చంకలో ఉన్నాడు” అని వెంటనే చెబుతారు. లెక్క మేము కట్టుకుంటాం.

కంప్యూటరు వచ్చాక ఈ చాకిరీ ఎందుకని కుర్రవాళ్ళ ప్రశ్న. నిజమే, 2021లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించింది. 14 అంకెల ఆభా నంబరు మనలోనూ చాలామంది తీసుకున్నారు. అయితే మూడు ఫైళ్ళున్న మనిషిని అలాగే ఎక్కిస్తే, కంప్యూటర్లోనూ ముగ్గురు మనుషులే అవుతాడు. ముందు కాగితం చక్కబడాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఆ ఫైళ్ళు అమానత్. ఎవరికి ఏ జబ్బు, ఏ ఇంటి కోడలు ఏ పరీక్షకు వచ్చింది అన్నది వలీమా పంక్తిలోకి రాకూడదు. ఏ కాగితమూ ఇంటికి తీసుకుపోము, సొంత చుట్టాల ఫైలు వస్తే పక్కవారికి అందిస్తాం. ఆడవారి ఫైళ్ళు ఆడవారే చూస్తే మేలని మా అభిప్రాయం. అందుకు మాకు చేతులు చాలడం లేదు. టెన్త్ చదివిన ఆడపిల్లలు, రిటైరైన టీచరమ్మలు వస్తే చాలు. ఆదివారం జొహర్ నమాజు తర్వాత రెండు గంటల పని. దుమ్ముకు మూతికి కట్టుకోను ఒక గుడ్డ తెచ్చుకోండి. ఇంకా రెండు బీరువాలు తెరవనే లేదు.