తంతిమీఁది రచ్చబండ

ఊరి రచ్చబండకడఁ బదుగురు నొక్కసారి కూర్చుందురు. ఒక్కరికి మాత్రమే చోటుగల రచ్చబండనుగూర్చి నేఁడు నేను మనవి చేసెదను.

అమెరికాలోని షికాగో నగరమున 1978 జనవరిలో గొప్ప మంచు కురియఁగా దారులు మూసికొనిపోయెను. అప్పుడు వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అను నిరువురు మిత్రులు తమ కంప్యూటరు సంఘమున చీటీలు గ్రుచ్చు పలకవంటిదానిని టెలిఫోను తంతిమీఁదఁ గల్పింపఁదలఁచిరి. మొదటివారు ప్రోగ్రాము వ్రాసిరి. రెండవవారు యంత్రమును సమకూర్చి తమ యింట నిలిపిరి. ఫిబ్రవరిలో నది వెలసెను.

మోడెము అను నుపకరణము అక్షరములను ధ్వనులుగా మార్చి తంతివెంటఁ బంపును. నాఁటి వేగము సెకనునకు సుమారు 30 అక్షరములు. తంతి యొక్కటియే. పట్టువిడువక కూర్చున్న యొక్కఁడు తక్కినవారందఱికిఁ దలుపు మూసినవాఁడగును. కావున వచ్చినవారు చదివి, తమ మాట వ్రాసి, లేచిపోవలెను. మొగము చూడని మిత్రునకు రేపటికై ప్రత్యుత్తరము విడిచిపోయెడివారు.

1984లో టామ్ జెన్నింగ్స్ ఆరంభించిన ఫిడోనెట్టు ఇట్టి పలకలను గలిపెను. టెలిఫోను రుసుము తక్కువగు రాత్రివేళ నొకదాని జాబులు మఱియొకదానికిఁ జేరుచుండెను.

నేఁడు తంతులకుఁ గొదువలేదు, కోట్లమంది యొక్కసారి మాటలాడుచున్నారు, వినువారే యరుదు. తన మాట ముగించి యితరునకుఁ జోటిచ్చుటయే నాఁటి పలకకుఁ బ్రాణము. మన సభలకును నదియే ప్రాణమని నా విశ్వాసము.