యంత్రానికి నూనె, పరిశోధనకు పైకం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణానికీ పిల్లల పాటల పోటీకీ నడుమ మాకొక పావుగంట కేటాయించి, నలుగురికీ పనికివచ్చే మాట ఏదైనా చెప్పమన్నారు కార్యదర్శిగారు. మేము రైల్వేలో గుమాస్తాగిరీ చేసేవారము. చదువు మెట్రిక్కుతో ఆగింది. ఇంజనీరింగు మా విద్య కాదు. అయినా ఇవాళ ఒక ఇంజనీరింగు విషయమే ఎత్తుకుంటున్నాము. నూనె ఒత్తిడితోనూ గాలి ఒత్తిడితోనూ పనిచేసే యంత్రాలపై పరిశోధన జరగాలి, దానికి ప్రభుత్వ ధనం రావాలి, అందుకు అడగవలసిన వారిలో మనమూ ఉన్నాము అన్నదే మా మనవి.

హైడ్రాలిక్ అనే మాట మన క్యాంపుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తే లిఫ్టు హైడ్రాలిక్కే. వడ్లు దింపడానికి ట్రాలీని వెనక్కి వంచేదీ అదే. కోత మిషను ముందరి కత్తెర బల్లను ఎత్తి దించేదీ, కాలువ గట్లు సరిచేసే జె.సి.బి. చేతిని ఆడించేదీ అదే. రాయచూరు పత్తి మిల్లుల్లో దూదిని నొక్కి 170 కిలోల బేలుగా బిగించే ప్రెస్సుదీ అదే శక్తి. ఈ జిల్లాలో పొలం నుంచి మార్కెట్టు దాకా మన బరువులు మోసేది నూనె ఒత్తిడే.

దీని కిటుకు 17వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు పాస్కల్ చెప్పాడు. మూసివున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ ఒకే తీరుగా పాకుతుంది. ఒక చదరపు సెంటీమీటరు బిరడా మీద 10 కిలోల బరువు పెడితే, అదే నూనెకు అవతలి కొసనున్న 100 చదరపు సెంటీమీటర్ల బిరడా 1000 కిలోలను మోస్తుంది. పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది 100 సెంటీమీటర్లు దిగాలి. బలం పెరిగినచోట దూరం తగ్గుతుంది. దేవుడి లెక్కలో ఉచితం లేదు గదా! ఈ సూత్రంతోనే 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే పనివాడు నీటి ఒత్తిడి ప్రెస్సుకు పేటెంటు పొందాడు. నేటి మన పత్తి ప్రెస్సు దానికి మునిమనుమడు.

మరి ఇన్నేళ్ళ పాత విద్యకు కొత్తగా పరిశోధన ఎందుకు అని మీరు అడగవచ్చును.

సింధనూరు, మాన్వి, సిరివార ప్రాంతాల మన వాళ్ళను అడిగితే జవాబు దొరుకుతుంది. తుంగభద్ర ఎడమకాలువ నీళ్ళు వచ్చిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి వచ్చి క్యాంపులు కట్టుకొని ఈ నల్లరేగడిని వరి మళ్ళుగా మార్చారు. ఇక్కడి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నూనె డబ్బామీద 46 అనో 68 అనో అంకె వేసివుంటుంది. అది 40 డిగ్రీల వేడిలో ఆ నూనెకుండే చిక్కదనాన్ని చెప్పే అంకె. పని చేస్తున్న యంత్రంలో నూనె అంతకంటె చాలా వేడెక్కుతుంది. వేడెక్కినకొద్దీ పలచబడుతుంది. పలచబడినకొద్దీ పంపు లోపల సందుల గుండా జారిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి లిఫ్టు నీరసంగా లేస్తున్నదంటే కారణం చాలాసార్లు ఇదే.

దీనికి తోడు దుమ్ము. హైడ్రాలిక్ పంపులో, వాల్వులో భాగాల నడుమ సందు తలవెంట్రుక మందంకన్న తక్కువ. కంటికి కనబడని ధూళి రేణువు అందులో దూరితే సానరాయిలా అరగదీస్తుంది. కోతలనాడు గాలినిండా దుమ్మూ ఊకా. పొలంలోనే మూత తీసి, డబ్బాలో మిగిలిన నూనె పోసి, మళ్ళీ మిషను నడిపించక తప్పని పరిస్థితి రైతుది. ఆకాశంలో మబ్బు కమ్మినప్పుడు, పంట ఒరిగినప్పుడు, రబ్బరు సీలు తెగి మిషను ఆగితే ఆ ఇంటి ఆరునెలల కష్టం వాన దయమీద ఆధారపడుతుంది. చిన్న సీలు వెల కాదు పోయేది, పంట వెల.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. తల్లులు శ్రద్ధగా వినాలని ప్రార్థన. ఈ గొట్టాలలో నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు, 200 కిలోలు ఉండవచ్చు. గొట్టానికి సూదిమొన అంత చిల్లు పడితే దానిలోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడుతుంది. లోపల కండ కుళ్ళి చెయ్యి తీసివేయవలసి రావచ్చును. హెల్పర్లుగా పనిచేసే కుర్రవాళ్ళు కారేచోటును వేలితో తడిమి చూడరాదు. ఇంజను ఆపి, ఒత్తిడి దింపి, అట్టముక్కతో చూడాలి. గాయమైతే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే శస్త్రవైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

ఎండకూ దుమ్ముకూ తట్టుకునే నూనె ఏది? పొలంలో సులభంగా మార్చదగిన ఫిల్టరు ఎలా ఉండాలి? గొట్టం పగలకముందే దాని వయసు తెలుసుకునే ఉపాయం ఏది? ఇవీ పరిశోధన కోరే ప్రశ్నలు. వీటికి సమాధానం మన మెకానిక్కుల అనుభవంలో సగం ఉన్నది. మిగతా సగం ప్రయోగశాలలో తేలాలి.

కంపెనీలు చేసుకోవా, ప్రభుత్వమెందుకు అని కొందరంటారు. కంపెనీ తాను అమ్మే యంత్రాన్ని బాగు చేసుకుంటుంది, కాదనము. కాని రేగడి దుమ్ములో ఏ నూనె ఎన్ని గంటలు నిలుస్తుందన్న జ్ఞానం ఒకసారి బయటపడితే అందరిదీ అవుతుంది. అందరిదీ అయ్యేదానికి ఒక్కడు పెట్టుబడి పెట్టడు. ఊరి చెరువును ఒక్క ఇంటివాడు తవ్వించడు గదా. అలాంటి చోటనే సర్కారు చెయ్యి వేయాలి.

మా రైల్వేలోనే దీనికి నిదర్శనం ఉన్నది. పూర్వం బండ్లకు వాక్యూం బ్రేకు ఉండేది. గొట్టంలో గాలి తీసివేసి, బయటి గాలి ఒత్తిడితో బ్రేకు పట్టించేవారు. బయటి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో మాత్రమే. ఎంత తల బద్దలుకొట్టుకున్నా అంతకు మించి బలం రాదు. బండ్లు పొడవై, బరువెక్కిన తరువాత అది చాలలేదు. నేటి ఎయిర్ బ్రేకు గొట్టంలో 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. ఇటువంటి మార్పులకు ప్రమాణాలు రాసి, పరీక్షలు చేసేందుకు 1957లో లక్నోలో ఏర్పడిన ఆర్.డి.ఎస్.ఓ. అనే పరిశోధన సంస్థ ఉన్నది. అది నడిచేది ప్రభుత్వ ధనంతోనే.

రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి గారి కథ ఇంకా ముఖ్యము. డీజిలు ఇంజను శక్తిని చక్రాలకు చేర్చడానికి నూనెనూ గేర్లనూ కలిపి వాడే ఒక యంత్రాంగాన్ని ఆయన కనిపెట్టారు. దానికి సూరి ట్రాన్స్‌మిషన్ అని పేరు. చిత్తరంజన్‌లో తయారైన షంటింగు ఇంజన్లలో దాన్ని వాడారు. 1962లో ఆయనకు భట్నాగర్ బహుమానం వచ్చింది. తరువాత దుర్గాపురంలోని ప్రభుత్వ మెకానికల్ ఇంజనీరింగు పరిశోధనశాలకు ఆయన అధిపతి అయ్యారు. అక్కడ 1960 దశకంలో, విదేశీ కంపెనీ నమూనా అరువు తెచ్చుకోకుండా, మనవాళ్ళు ఒక ట్రాక్టరును రూపొందించారు. దాన్ని తయారుచేసేందుకు 1970లో పంజాబులో కంపెనీ వెలసింది. 1974లో ట్రాక్టరు బజారుకు వచ్చింది. దాని పేరు స్వరాజ్. మన క్యాంపుల్లో ఆ పేరు తెలియని రైతు లేడు. ప్రభుత్వం పరిశోధనకు పెట్టిన పైకం చివరికి పొలంలో చాలు తోలింది అనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి?

ధనిక దేశాలవారు కూడా అడిగే తెచ్చుకున్నారు. అమెరికాలో 2006లో జాతీయ సైన్సు ఫౌండేషను సాయంతో హైడ్రాలిక్, గాలి యంత్రాల పరిశోధనకు ఒక కేంద్రం నెలకొన్నది. మినెసోటా విశ్వవిద్యాలయం ముందుండగా ఏడు విద్యాసంస్థలు అందులో కలిశాయి. కంపెనీలు తమ వంతు ధనం కలిపాయి. ఆ దేశపు ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2012లో లెక్క వేయగా, ఈ జాతి యంత్రాలలో పెట్టిన శక్తిలో సగటున ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే అసలు పనికి వస్తున్నదని తేలింది. తక్కినది వేడిగా పోతున్నది. అక్కడే అంత దుబారా ఐతే మన ఎండల సంగతి చెప్పేదేమున్నది! ఆ వేడి అంతా మనం డీజిలు బంకులో చెల్లించిన రూపాయలే.

మన దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు 2020–21 లెక్క ప్రకారం జాతీయోత్పత్తిలో 0.64 శాతం. నూటికి రూపాయి కూడా కాదు. ఐనా తలుపులు మూసిలేవు. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషను ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టింది. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు రంగంలో పరిశోధనకు, నూతన సాంకేతికానికి లక్ష కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. బెంగుళూరులో 1975 నుంచి ఉన్న కర్ణాటక రాష్ట్ర సైన్సు టెక్నాలజీ మండలి, ఇంజనీరింగు విద్యార్థుల ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టులకు చిన్న చిన్న సాయాలు చేస్తున్నది. చిన్న తలుపే, కాని మన పిల్లలకు అందేంత ఎత్తులో ఉన్నది.

మరి ఆ ధనం రాయచూరుకు ఎలా వస్తుంది? ఇక్కడ గుమాస్తాగా మాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాము. సర్కారు కాగితం ఏడ్పు వినదు, లెక్క వింటుంది. "మా మిషన్లు పాడవుతున్నాయి, దయచూడండి" అన్న అర్జీ ఫైలులో పడుకుంటుంది. "ఫలానా కోతకాలంలో ఇన్ని మిషన్లలో ఇన్ని ఆగినవి, ఇన్ని గంటలు, ఈ భాగం చెడి, ఇంత ఖర్చుతో" అని అంకెలతో వచ్చిన అర్జీని పక్కన పెట్టడానికి ఏ ఆఫీసరైనా కారణం రాయవలసి వస్తుంది. అదీ తేడా.

రెండవది, ఇటువంటి గ్రాంటులు రైతుకో మెకానిక్కుకో నేరుగా రావు. పరిశోధన చేయగల సంస్థ పేరున రావాలి. అదృష్టవశాత్తు మన రాయచూరులోనే వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉన్నది, అందులో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అక్కడి ఆచార్యులకు విద్య ఉన్నది. మన దగ్గర అనుభవం ఉన్నది. రెండూ ఒకే కాగితం మీదకు రావాలి, అంతే.

కనుక సంఘం ముందు మా సూచన ఇది. ఈ సంవత్సరం ప్రతి క్యాంపులో ఒక మరమ్మతు పుస్తకం పెడదాము. రూళ్ళు గీసిన మామూలు నోటుపుస్తకం చాలు. మిషను ఏది, నడిచిన గంటలెన్ని, పోసిన నూనె ఏ అంకెది, చెడిన భాగమేది, ఆ నాటి ఎండ ఎంత, ఆగిన గంటలెన్ని, అయిన ఖర్చు ఎంత – ఈ ఏడు గడులు నింపితే చాలు. రాసే పని చదువుకునే పిల్లలకు అప్పగిద్దాము. నాన్న పేరు, పెదనాన్న పేరు అక్కరలేదు, యంత్రం సంగతి కావాలి. రెండు కోతలు గడిచేసరికి మన దగ్గర ఉండేది ఏ కంపెనీ దగ్గరా లేని లెక్క. దాన్ని శుభ్రంగా కూడి, విశ్వవిద్యాలయానికి వినయంగా అందించి, "దీనిమీద పరిశోధన ప్రతిపాదన రాయండి, పొలాలూ మిషన్లూ మేమిస్తాము" అందాము. నకలు మన శాసనసభ్యులకూ పార్లమెంటు సభ్యులకూ పంపుదాము. కూడికలు, నకళ్ళు, రిజిష్టరు తపాలా – ఆ చాకిరీ మాది.

ఈ పని తెలుగువారి కోసమే అని అనుకోరాదు. ఎండకూ దుమ్ముకూ భాష లేదు. మన పక్క పొలం కన్నడ సోదరుని మిషనూ అదే సీలు తెగి ఆగుతుంది. పుస్తకం రెండు భాషలలో ఉండాలి. అర్జీ కన్నడంలో పోవాలి. ఇవాళ వారి ఇంటా ఉగాదే, వారి ఇంటా వేపపూవే, బెల్లమే. మనకు నీళ్ళూ నేలా ఇచ్చిన ఊరికి మనం తిరిగి ఇవ్వదగిన వాటిలో ఇదొకటి.

అడగడం చిన్నతనమని కొందరు పెద్దలు భావిస్తారు. బిచ్చం అడగడం వేరు, పన్ను కట్టేవాడు అంకెలు చూపి అడగడం వేరు. డబ్బా నూనె మీద కూడా మనం పన్ను కడుతున్నాము. అందులో పిసరంత ఆ నూనెను అర్థం చేసుకునే చదువుకు ఖర్చు పెట్టమనడంలో అవమానమేమీ లేదు.

ఇందాక పంచాంగంలో అందరి ఆదాయ వ్యయాలూ విన్నాము. యంత్రానికి పంచాంగంలో రాశి లేదు. దాని ఆదాయ వ్యయాలు మనమే రాసిపెట్టాలి. సభానంతరం ద్వారం దగ్గర బల్లమీద మొదటి నోటుపుస్తకాలు ఉంచాము. ఒక్కొక్క క్యాంపు పెద్దలు ఒక్కొక్కటి తీసుకువెళ్ళవలసిందిగా కోరుతున్నాము.