కండకు కరెంటు పెడితే

నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ అనగానే మన విజయనగరం వాళ్లకు గుర్తొచ్చేది బరువులెత్తే ఆడపిల్లలు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. బరువెత్తేటప్పుడు కండకు ఆజ్ఞ మెదడు నుంచి వెళ్తుంది. ఫిజియోథెరపీ గదిలో ఆ పని కరెంటు చేస్తుంది.

తొడ మీద రెండు ప్యాడ్లు అంటించి మీట తిప్పితే ముందు చీమలు పాకినట్టుంటుంది, తర్వాత కండ దానంతటదే బిగుస్తుంది. మెదడు చెబితే కండలోని పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంటుకు ఆ వంతులు లేవు. ప్యాడ్ల కింద ఉన్నవాటినే మళ్లీమళ్లీ లాగుతుంది. అందుకే కొద్ది బలానికే కండలో చక్కెర నిల్వగా ఉండే గ్లైకోజెన్ త్వరగా ఖర్చవుతుంది, ఆ చక్కెర వాడకంలో పుట్టే లాక్టేట్ పెరుగుతుంది, రక్తంలోని చక్కెరను కండ ఎక్కువగా లాక్కుంటుంది.

అందరి కండలూ ఒకేలా ఉండవు. మగవాళ్లలో వేగంగా బిగిసే పోగుల వాటా సగటున ఎక్కువ. అవి చక్కెరను గబగబా కాల్చి అలసిపోతాయి. ఆడవాళ్లలో నిదానపు పోగుల వాటా ఎక్కువ, కొవ్వును ఇంధనంగా వాడుకునే గుణమూ ఎక్కువే. అయితే చర్మం కింద కొవ్వు పొర మందంగా ఉంటే కరెంటు పెంచాల్సి వస్తుంది. అందుకే అందరికీ ఒకే కొలత పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ బలం తిరిగి రావడానికి ఈ కరెంటు చికిత్స బాగా పనికొస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా ప్యాడ్లు అంటించుకోకండి.