ఊగిసలాడు నేరము



మన పిల్లలు పలువురు కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేయుచున్నారు. ఒకనాటి రాత్రి అచటనుండి టెలిఫోను మ్రోగి, "నాన్నగారూ, త్రాగి కారు నడిపితిని. ఒకరికి దెబ్బలు తగిలినవి. నాపై ఫెలొనీ మోపినారు" అని కుమారుడు చెప్పెననుకొందము. ఆ యింటిల్లిపాదికిని నిద్ర యుండదు. ఆ మాటకు అర్థమేమి, దానిని తగ్గించుకొను త్రోవ కలదా యనునదే నేడు మేము ముచ్చటింపదలచిన విషయము.

అచటి చట్టమున ఘోరనేరము ఫెలొనీ, తేలికపాటిది మిస్డిమీనర్. మొదటిదానికి ఏడాదికి మించిన శిక్ష పడవచ్చును. రెండవదానికి కాలిఫోర్నియాలో 2015 నుండి గరిష్ఠశిక్ష 364 దినములు. అంతకుముందు నిండు సంవత్సరము. ఆ ఒక్క దినము ఊరక తగ్గింపలేదు. వలసచట్టము కొన్ని నేరములను ఏడాది శిక్ష యను కొలతతో చూచును గనుక, ఆ దినముపైననే ఒక విదేశీయుని కాపురము ఆధారపడియుండవచ్చును.

త్రాగి నడపి పరులను గాయపరచుట, అనగా వాహనచట్టము 23153వ విభాగపు నేరము, ఈ రెండింటి నడుమ నుండునది. న్యాయవాదులు దీనిని "వాబ్లర్" అందురు. కాళ్లు సమముగా లేని బల్లవలె ఎటైనను ఒరగగలదని భావము. శిక్షాస్మృతి 17వ విభాగము ప్రకారము ప్రాసిక్యూటరు మొదటనే దీనిని మిస్డిమీనరుగా దాఖలు చేయవచ్చును. ప్రాథమిక విచారణలో న్యాయమూర్తి తగ్గింపవచ్చును. శిక్ష విధించునపుడును, ప్రొబేషను ఇచ్చిన పిమ్మటను తగ్గింపవచ్చును. రాష్ట్ర కారాగారశిక్ష విధించినచో మాత్రము ఈ త్రోవ మూసికొనిపోవును. మద్యము మత్తులో మిక్కిలి నిర్లక్ష్యముగా నడపి ప్రాణము తీసినచో అది మొదటినుండియు ఫెలొనీయే. 17వ విభాగము దానికి వర్తింపదు.

న్యాయమూర్తి దేనిని చూచి తగ్గించును? 1997లో అల్వారెజ్ వ్యాజ్యమున కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొన్ని గుర్తులు చెప్పినది: నేరమెట్టిది, ఏ పరిస్థితులలో జరిగినది, చేసినదానిని నిందితుడు ఎట్లు తలపోయుచున్నాడు, విచారణలో బయటపడిన అతని గుణమెట్టిది. ఇచటనే మన తల్లిదండ్రులు పొరబడుదురని మా తలంపు. వెంటనే ఒక పెద్దమనిషి సిఫారసు ఉత్తరముకై తిరుగుదురు. కుఱ్ఱవానిని ఎన్నడును చూడని పెద్దమనిషి సంతకమునకు అచట విలువ లేదు. అతనితో పనిచేసినవాడు వ్రాసిన నాలుగు పంక్తులు మేలు. కోర్టు ఆజ్ఞకై వేచియుండక మద్యవిరమణ తరగతులకు వెళ్లినట్లు చూపు రసీదు అంతకంటె మేలు. గాయపడినవారి ఆసుపత్రి ఖర్చు నిందితుడు చెల్లించుట ఆ రాష్ట్రమున బాధితుల హక్కు. దానిని దయగా ఎంచరాదు. అయితే బాధితుని యింటికి తానై వెళ్లి బ్రతిమాలుట కూడదు. అది బెదిరింపుగా కనబడవచ్చును. ఆ మాట న్యాయవాది ద్వారా నడువవలెను.

మరియొకటి. లైసెన్సు తగాదా కోర్టుది కాదు, మోటారు వాహనశాఖది. అరెస్టయిన 10 దినములలో విచారణ కోరనిచో ఆ అవకాశము పోవును. కోర్టులో ఫెలొనీ తగ్గినను లైసెన్సు దానంతట అది తిరిగి రాదు. త్రాగి నడపిన నేరము 10 సంవత్సరములవరకు పూర్వనేరముగా లెక్కకు వచ్చుచునే యుండును.

ఇక విదేశీయుడు "నేరము ఒప్పుకొందును" అని పలుకుటకు ముందే వలసచట్టము తెలిసినవారిని అడుగవలెను. కోర్టులో తేలికయైన నేరము వలసశాఖ దృష్టిలో తేలిక కాకపోవచ్చును. నేరము ఒప్పుకొనినచో దేశమునుండి పంపివేయబడు ప్రమాదమున్నదేమో నిందితునికి చెప్పుట అతని న్యాయవాది విధియని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పాడిల్లా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కనుక ఆ రాత్రి టెలిఫోనులో తండ్రి కుమారుని మొదట అడుగవలసినది, "నీ వకీలు నీ వీసా సంగతి అడిగినాడా?" అని.